బయటికి తిప్పిన లైట్లు

సుబేదారు అబ్రహాము గారికి కోపం రాదని పలివెల చుట్టుపక్కల నాలుగూళ్ళలో పేరు. చర్చి ప్రహరీ దగ్గర తగాదా వచ్చినా, చేలకి కాలవ నీళ్ళు వదిలే దగ్గర తగాదా వచ్చినా ఆయనకే కబురు వెళ్ళేది. ఆయన వచ్చి, ఇటువైపు వాళ్ళు చెప్పింది విని "ఆయ్, నిజమేనండి" అనేవాడు. అటువైపు వాళ్ళు చెప్పింది విని వాళ్ళకీ "ఆయ్, అదీ నిజమేనండి" అనేవాడు. చివరికి అందరి చేతా టీ తాగించి ఇళ్ళకి పంపేవాడు. తగాదా తీరేదా అంటే తీరేది కాదు. కానీ ఎవరి పరువూ పోయేది కాదు. మా వైపు అదేమీ చిన్న పని కాదు.

ఈ పేరు ఆయనకి ఊరికే రాలేదు. తండ్రి యేసుపాదం పెద్ద వీధిలో మోతుబరి అమ్మిరాజు గారి నాన్న దగ్గర పాలేరుగా చేశాడు. ఆ ఇంటి అరుగు కింద నిలబడి, తువ్వాలు చంకలో పెట్టుకుని, "ఒరే" అని పిలిస్తే "అయ్య" అని పలికిన మనిషి. అబ్రహాము పదో తరగతి అయ్యాక రాజమండ్రిలో మిలటరీ సెలక్షన్లకి వెళ్ళి, పరిగెత్తి, ఛాతీ కొలిపించుకుని, రైలెక్కేశాడు. మొదటి సెలవుకి యూనిఫాంలో వస్తే అదే అరుగు మీద నుంచి "ఏరా అబ్రహాం" అన్నారు. రెండు చారలు పడ్డాక "ఏమయ్యా" అన్నారు. సుబేదారుగా రిటైరై వచ్చి, తమ వాళ్ళ పేట మొదట్లో రోడ్డు వైపు డాబా వేసుకున్నాక "అబ్రహాం గారూ, రండి కూర్చోండి" అన్నారు. ఆ "గారు" కోసం ఆయన మంచులో, ఇసుకలో దాదాపు ముప్ఫై ఏళ్ళు కాపలా కాశాడు. అంత కష్టపడి సంపాదించుకున్న మర్యాదని ఒక్క మాటతో పోగొట్టుకోవడం ఆయన వల్ల కాదు.

అయితే ఒక్క సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. పెద్ద వీధి వాళ్ళు ఆయన ఇంటికి వస్తారు, వరండాలో కూర్చుంటారు, కొబ్బరి బొండాం తాగుతారు. తమ ముందే మూత తీసిన సీసాలో కూల్‌డ్రింకు తాగుతారు. టీ అంటే "ఇప్పుడే తాగొచ్చేమండి" అంటారు. అన్నం సంగతి ఎవరూ ఎత్తరు. ఇందులో గొడవేమీ లేదు. అడిగేవాళ్ళు మర్యాదగా అడుగుతారు, వద్దనేవాళ్ళు మర్యాదగానే వద్దంటారు. అబ్రహాము భార్య విజయకుమారి ఉప్పలగుప్తంలో టీచరుగా చేసి రిటైరైన మనిషి, ఆవిడకి ఈ నాటకం ఒళ్ళుమంట. "కొబ్బరి బొండానికి లేని అంటు టీకి ఎక్కడి నుంచి వచ్చిందండీ?" అని అడిగేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక కుర్రాళ్ళకి మిలటరీ సెలక్షన్ల కోసం తర్ఫీదు మొదలుపెట్టాడు. పొద్దున్నే కాలవ గట్టు మీద పరుగు. తర్వాత కొబ్బరితోటలో కట్టిన మోకు ఎక్కడం. ఎండ ముదిరాక డాబా మెట్ల కింద నల్లబల్ల పెట్టి పాఠం. పేట కుర్రాళ్ళు, పెద్ద వీధి కుర్రాళ్ళు ఒకే చెమటతో వచ్చి ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు. అది చూడటానికి ఆయనకి ఎంత బాగుండేదో చెప్పలేం.

ఆ పాఠాల్లో ఉగ్రవాదం గురించి ఒకటి ఉండేది. పట్టాళంలో ఉండగా ఆయన కొత్తవాళ్ళకి అదే చెప్పేవాడు. ఒక ఉద్దేశంతో జనాన్ని భయపెట్టడానికి నిరాయుధుల మీద చేసే హింస అని పుస్తకంలో ఉన్న మాట. కుర్రాళ్ళకి అది నోరు తిరిగేది కాదు. "గుర్తుపట్టడం ఎలాగండీ మాస్టారూ?" అని అడిగేవారు. అప్పుడు ఆయన బల్ల మీద సున్నా చుట్టి, చుట్టూ చిన్న చిన్న గీతలు గీసేవాడు. "ఇది క్యాంపు. ఇవి లైట్లు. లైట్లన్నీ ఎటు తిప్పి ఉంటాయి? బయటికి. ఎందుకని? శత్రువు బయటి నుంచి వస్తాడు కాబట్టి. లోపల చీకటిగా ఉండాలి, లోపల ఉన్నదంతా మనవాళ్ళే కాబట్టి." పుస్తకంలో బయటా లోపలా అన్న మాటే లేదు. అది ఆయన సొంతంగా కలిపింది, గుర్తుండటం కోసం. అందరికీ బాగా గుర్తుండిపోయింది కూడా.

అలా గుర్తుపెట్టుకున్నవాళ్ళలో మణికంఠ ఒకడు. అమ్మిరాజు గారి తమ్ముడి కొడుకు. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి సత్యనారాయణమ్మ బావగారి నీడన ఒక్కగానొక్క కొడుకుని పెంచుకొచ్చింది. పరుగులో వాడి వెనక పడ్డవాళ్ళే తప్ప ముందు పడ్డవాళ్ళు లేరు. సెలక్టయిన రోజు అబ్రహాము కాళ్ళకి దణ్ణం పెట్టాడు. యేసుపాదం యజమాని మనవడు యేసుపాదం కొడుకు కాళ్ళకి దణ్ణం పెట్టాడని పేటలో ముసలివాళ్ళు చాలా రోజులు చెప్పుకున్నారు.

పోయిన వేసవిలో మణికంఠ సెలవు మీద వచ్చాడు. ఉత్తరాదిన ఏదో కంటోన్మెంటులో, ఆయుధాలు భద్రం చేసే గదిలో డ్యూటీ. మధ్యాహ్నం వేళ అబ్రహాము ఇంటికి వచ్చి, వరండాలో ఆగకుండా తిన్నగా హాల్లోకి వచ్చేశాడు. బొండాం కొట్టించమంటారా అని విజయకుమారి అడిగితే "బొండాం ఏటండీ, ఆకలేస్తోంది, అన్నం పెట్టండి" అన్నాడు.

అబ్రహాము ఆ మాట నమ్మలేక భార్య వైపు చూశాడు. ఆ ఇంటి మనిషి ఒకడు, తమ ఇంట్లో, తమ కంచంలో! తన తండ్రి ఉంటే ఏడ్చేసేవాడు. తనే లేచి పీట జరిపి, మళ్ళీ పీట కాదని కిటికీ పక్కన కుర్చీ వేసి, ఫ్యాను వాడి వైపు తిప్పాడు. ఆ రోజు ఆవపెట్టిన పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు. మణికంఠ ఆవురావురుమంటూ తింటూ మాట్లాడాడు. ఫోను కంచం పక్కనే, మాటిమాటికీ వెలుగుతోంది.

"మాస్టారూ, శత్రువు కంచెకి అవతల ఉంటాడని చెప్పేవారు కదండీ. అది పాత లెక్కండి. ఇప్పుడు ఇవతలే ఉన్నారు. మాతోపాటే వరసలో నిలబడతన్నారు."

"ఎవరయ్యా?"

"ఈ దేశం మీద ప్రేముండాలంటే ఈ దేశం దేవుడుండాలి కదండీ. వేరే దేవుణ్ణి పెట్టుకున్నోడు రేపు యుద్ధమొస్తే ఎటు నిలబడతాడు? మా గ్రూపులో పెద్దోళ్ళున్నారండి, వాళ్ళు చెప్తారు. ముందు ఇల్లు ఊడ్చుకోవాలంట, తర్వాతే వాకిలి." ముద్ద మింగి, గొంతు తగ్గించాడు. "మా దగ్గర సర్వధర్మ స్థలమని, అన్ని మతాలోళ్ళూ మొక్కుకునే చోటు ఉంది కదండీ. అందులో ఆదివారం ప్రార్థనల గది ఒకటి. దాని పని కూడా తొందర్లోనే అయిపోద్దండి. అక్కడ తలుపు తీసినోడికి అర్థమవుద్ది."

వంటింటి గుమ్మంలో విజయకుమారి చేతిలో గరిటె ఆగిపోయింది. మణికంఠ తలెత్తాడు. ఎదురుగా గోడ మీద ముళ్ళ కిరీటంతో క్రీస్తు పటం ఉంది. దాన్ని ఇప్పుడే చూసినట్టు నాలిక కరుచుకుని, హాయిగా నవ్వాడు.

"మిమ్మల్ని కాదండీ మాస్టారూ! మీరు వేరండి. మీరు మనోళ్ళే."

ఎవరికైనా కోపం రావాలంటే అదే సమయం. పట్టాళంలో ఇలాంటి మాట అన్న జవానుని అబ్రహాము ఎండలో నిలబెట్టి, పై అధికారికి కబురు పెట్టి ఉండేవాడు. కానీ ఇది పట్టాళం కాదు, తన ఇల్లు. వాడు అతిథి. కంచంలో అన్నం ఉంది. పైగా అది ఆ ఇంటి మనిషి తమ ఇంట్లో తింటున్న మొదటి అన్నం. దాన్ని మధ్యలో చెడగొట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు.

"కూర వేయించుకో బాబూ, పనసపొట్టు మళ్ళీ అక్కడ దొరకదు" అన్నాడు. తనే వడ్డించాడు. రెండోసారి కూడా.

వాడు వెళ్ళాక విజయకుమారి కంచం తీయకుండా నిలబడింది. "ఏవన్నాడో విన్నారా?"

"కుర్రతనం. ఫోన్లో చూసింది వాగేడు. మనని అనలేదు కదా, మీరు వేరు అన్నాడు."

"మీరు వేరు అన్నాడు, సరేనండి. మరి నేను ఏ లెక్కలో ఉన్నాను?"

ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నాడు. పాత యూనిట్లో పనిచేసి ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నవాళ్ళ నంబర్లు ఉన్నాయి. ఒక్క మాట చెవిన వేస్తే చాలు, మిగతాది వాళ్ళు చూసుకుంటారు. కానీ కుర్రాడి ఉద్యోగం పోతుంది. ఇంట్లో అన్నం పెట్టి వెనక నుంచి పట్టించాడన్న మాట పెద్ద వీధిలో ఎన్ని తరాలైనా పోదు. ఫోను టీవీ మీద పెట్టేసి, మంచం మీద నడుం వాల్చాడు.

తర్వాత కొన్నాళ్ళకి కొత్తపేటలో మందుల షాపు దగ్గర సత్యనారాయణమ్మ కనిపించింది. పక్కకి పిలిచి, చుట్టూ చూసి, "మావోడు మీ ఇంట్లో అన్నం తిన్నాడంట కదండీ" అంది. అందులో సంతోషమెంతో భయమెంతో తెలియలేదు. "ఎలా ఉన్నాడండీ మీ కంటికి? నాకేదో తేడాగా అనిపించేడండి. ఎప్పుడూ ఆ ఫోనే. మన జీడిపిక్కల వ్యాపారి బాషా గారు ఇంటికొస్తే మొహం తిప్పుకుని లోపలికెళ్ళిపోయేడు. అడిగితే నీకు తెలవదులే అంటాడు. మీరు చూసేరు కదా, మీరు చెప్తే నాకు ధైర్యంగా ఉంటదండి."

"బంగారమండీ మీవాడు" అన్నాడు అబ్రహాము. "ఏం బెంగ పెట్టుకోకండి."

ఒక తల్లితో కొడుకు గురించి చెడు మాట, అదీ బజార్లో, ఎవరంటారు? ఆవిడ మొహం తేటపడటం చూసి, మంచి పనే చేశాననుకుని బస్సెక్కాడు.

వర్షాలు తగ్గాక ఒక ఆదివారం ఆ వార్త వచ్చింది. ఆ కంటోన్మెంటులో, సర్వధర్మ స్థలంలో, ఆదివారం ప్రార్థన జరిగే గది తలుపుకి ఎవరో గ్రెనేడు అమర్చారు. పాటలు పాడేవాళ్ళు ఇంకా రాలేదు. తలుపు తీసి ఊడ్చే డ్యూటీ పడ్డ సిపాయి ఒక్కడే పోయాడు. పొద్దుటంతా టీవీలో అది "ఉగ్రదాడి". ఎర్ర అక్షరాలు, గుండెలు అదిరే సంగీతం, కోట్లు వేసుకుని కుర్చీల అంచుకి వచ్చి అరిచే పెద్దమనుషులు. సాయంత్రానికి లోపలి జవానునే పట్టుకున్నారని, వాడి పేరు మణికంఠ అని తెలిసింది. సంగీతం ఆగిపోయింది. అది "విషాద ఘటన" అయింది. "ఒత్తిడిలో జవాను" అయింది. ఒక డాక్టరు గారిని కూర్చోబెట్టి నిద్రలేమి గురించి అడిగారు. పేరు తెలిశాక మాట వెతుక్కునే ఈ అలవాటు మనకి ఎప్పుడబ్బిందో గానీ బాగానే అబ్బింది.

అబ్రహాము టీవీ కట్టేశాడు. నల్లబల్ల మీద పాత సున్నా, చుట్టూ గీతలు, ఎవరూ చెరపక అలాగే ఉన్నాయి. లైట్లన్నీ బయటికే. తడిగుడ్డతో తుడిచాడు గానీ, చాలా రోజులుగా ఉన్న సుద్ద కదా, మరక పోలేదు.

వారం తిరక్కుండా అమ్మిరాజు గారు వచ్చారు. వెనక పాలేరు చేత మంచి చక్రకేళీ గెల మోయించుకొచ్చి వరండాలో దించారు. బొండాం తాగారు. వానల గురించి మాట్లాడారు. అప్పుడు గొంతు సవరించుకున్నారు.

"ఏదో పొరపాటు జరిగిపోయిందండి అబ్రహాం గారూ. పోయినోడు కూడా మనోడేనంట. అప్పలస్వామంట, శ్రీకాకుళం వైపు. మన తెలుగోణ్ణి, మన దేవుణ్ణి కొలిచేవోణ్ణి మనోడు కావాలని చంపుతాడాండీ?"

"ఆయ్" అన్నాడు అబ్రహాము.

"కేసు చూసే ఆఫీసరమ్మ మీ దగ్గరికి వత్తాదంట. వాణ్ణి తయారుచేసింది మీరు కదా, ఆఖరి సెలవులో మాట్లాడింది మీతోనే కదా. మతి స్థిమితంగా లేడు, డ్యూటీ టెన్షనులో ఉన్నాడు అని మీరు ఒక్క మాటంటే కేసు ఒకలా పోద్దంటన్నారండి లాయరు గారు. లేదూ టెర్రరిస్టని పడిందా, ఉరి దాకా పోద్దంట. ఆ మాట ఎవరికండీ? ఎక్కడో బోర్డరు దాటొచ్చినోళ్ళకి గానీ మన ఇంటి పిల్లోడికా?" కొంచెం ముందుకి వంగారు. "పైగా మీరు చెప్తే తిరుగుండదండి. ఆ గది మీ వోళ్ళది కదా. మీ వోళ్ళే వాడు మంచోడంటే ఇంక కాదనేదెవరు? మీ నాన్న కాలం నుంచీ ఒక ఇంటోళ్ళలా ఉన్నాం."

"ఆయ్" అన్నాడు అబ్రహాము మళ్ళీ.

ఆయన వెళ్ళాక విజయకుమారి గెల వైపు చూడను కూడా చూడలేదు. "ఏవన్నారు? ఆయ్ అన్నారా?"

"వస్తే పొమ్మంటామా విజయా? వినడానికి అన్నాను."

"మీరు వినడానికే అంటారు. వాళ్ళు ఒప్పుకున్నారనుకుని వెళ్తారు. ఆ కుర్రోడూ అలాగే వెళ్ళేడు."

ఆ మాట తగిలింది. తగిలినట్టు కనపడనివ్వకుండా ఆయన చెప్పులేసుకుని గట్టు మీదకి వెళ్ళాడు. మర్నాడు పొద్దున్న చూస్తే పరుగుకి వచ్చే కుర్రాళ్ళు సగమైపోయారు. పెద్ద వీధి వాళ్ళు ఎటు తేలుతుందో చూద్దామని ఆగారు. పేట వాళ్ళు ఈ గ్రౌండు పేరు చెబితే పోలీసు విచారణలో ఇరుక్కుంటామేమోనని ఆగారు. ఉన్నవాళ్ళ చేతే పరుగు పెట్టించాడు.  నిజం చెబితే తన చేతులతో తయారుచేసిన పిల్లాడు ఉరికంబం దగ్గరికి ఒక అడుగు జరుగుతాడు. ఊళ్ళో సంపాదించుకున్న మర్యాద ఆ పూటతో సరి. చెప్పకపోతే? అప్పలస్వామి పొరపాటున పోయినవాడవుతాడు. అంతే, ఇంకేం కాదు. చనిపోయినవాళ్ళు వచ్చి అడగరు కాబట్టి అది సులువే.

తర్వాత వచ్చిన ఆదివారం చర్చికి ఎప్పటికన్నా ముందే వెళ్ళాడు. చర్చి తలుపులు తీసి ఊడ్చేది బేబి. భర్త పోయిన మనిషి, పిల్లల ఫీజుల కోసం నాలుగిళ్ళలో పని చేసుకుంటూ దేవుడి పని కూడా చేస్తుంది. చంకలో చీపురు, చేతిలో తాళాలు. తాళం తిప్పి, గడియ లాగి, రెండు చేతులతో తలుపు నెట్టింది. గేటు దగ్గర నిలబడ్డ అబ్రహాముకి ఒళ్ళంతా చెమట పట్టేసింది. "బేబీ, ఆగు" అని అరుద్దామనుకున్నాడు. ఈలోపే తలుపు ఎప్పటిలాగే కిర్రుమంటూ తెరుచుకుంది. లోపల నుంచి గబ్బిలాల వాసన వచ్చింది.

"ఏటండీ అలా నిలబడిపోయేరు? రండి లోపలికి" అంది బేబి.

లోపల బల్ల మీద కూర్చుని తల వంచుకున్నాడు. అందరూ ప్రార్థన అనుకున్నారు. ఆయన ఆలోచించింది ఒక్కటే. పొరపాటంటున్నారు. ఏది పొరపాటు? అప్పలస్వామి పోవడం పొరపాటు. మరి అతను రాకపోయి ఉంటే, గిటారు పట్టుకుని నలుగురు కుర్రాళ్ళు వచ్చి ఉంటే, అది పొరపాటు కాదన్నమాట. అనుకున్నట్టే జరిగిందన్నమాట. ఆ నలుగురిలో తను ఉండొచ్చు. ఎన్ని ఆదివారాలు తను అలాంటి గదుల తలుపులు తీశాడు! మంచు కొండల్లో, రేకుల షెడ్లలో, పక్క గదిలో భజన చేస్తున్న స్నేహితులతో తననీ ప్రసాదానికి పిలవమని చెప్పి మరీ తీశాడు. "మీరు వేరండి" అన్నాడు. గ్రెనేడుకి ఆ సంగతి ఎవరు చెప్తారు?

ఆఫీసరమ్మ పేరు సౌజన్య. ఆమె వచ్చిన రోజు జల్లు పడుతోంది. చెప్పులు బయట విడిచి వచ్చి, విజయకుమారి ఇచ్చిన టీ వద్దనకుండా తాగింది. నలభై లోపు మనిషి, కళ్ళ కింద నలుపు, చాలా ఇళ్ళలో చాలామందిని ఇదే అడిగి అలసిపోయిన గొంతు.

"అతను మీతో ఏమన్నాడో, అన్నది అన్నట్టు చెప్పండి సార్."

చెప్పాడు. కంచె ఇవతల మాట, ఇల్లు ఊడ్చే మాట, ఆదివారం గది, తలుపు తీసినవాడికి అర్థమవుతుందన్న మాట. ఆమె దగ్గరున్న చిన్న యంత్రం అన్నీ విని దాచుకుంది.

"ఇది అప్పట్లో ఎవరికైనా చెప్పారా?"

"లేదండి."

"మీరు సుబేదారుగా చేశారు. ఇలాంటిది వింటే ఏం చెయ్యాలో మీకు తెలుసు కదా. ఎందుకు చెప్పలేదు?"

అబ్రహాము కిటికీ పక్క కుర్చీ వైపు చూశాడు. "భోజనం చేస్తున్నాడండి" అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. ఏదో ఊరివాడు కాబట్టి తెలియక అన్నాడనుకుంది కాబోలు, మళ్ళీ అడగలేదు. గుమ్మంలో నిలబడ్డ విజయకుమారికి మాత్రం అర్థమైంది. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఇది మతి చెడి చేసిందా, ఉగ్రవాదమా, ఏమంటారమ్మా మీరు?" అని అబ్రహాము అడిగాడు.

"పేరు పెట్టేది కోర్టు సార్. మేం కూడా కాదు."

"పెట్టుకోమనండి. నేను జీవితమంతా కుర్రాళ్ళకి ఆ పేరు పాఠం చెప్పేను, అదీ తప్పే చెప్పేను. ఆ తలుపుకి అది ఎవరి కోసం పెట్టేడో మాత్రం నాకు తెలుసు. ఎవడో ఒక్కడి మీద కోపంతో కాదు. ఆ గదిలోకి ఎవరొచ్చినా సరే, వచ్చేవాళ్ళందరూ జడవాలని. అది మతి చెడ్డవాడి పని కాదండి. వాడి మతి నా కంచం ముందు శుభ్రంగా పనిచేసింది." యంత్రం వైపు ఒకసారి చూశాడు. "ఆ అప్పలస్వామికి ఎవరున్నారండీ?"

"భార్య. కడుపుతో ఉంది" అంది సౌజన్య. యంత్రం ఆపేసింది.

కబురు ఆ సాయంత్రానికే ఊరంతా తిరిగింది. వరండాలో మిగిలిన గెల మగ్గి, ఈగలు ముసిరాయి. పెద్ద వీధి వైపు వెళ్తే ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. అందరూ ఫోన్లలో మునిగిపోయి ఆయన దాటిపోయాక తలలెత్తారు. అమ్మిరాజు గారు ఎదురుపడి "బాగున్నారా అబ్రహాం" అన్నారు. "గారు" రాలేదు. ముప్ఫై ఏళ్ళది ఒక్క పూటలో పోయింది. పోతుందని తెలిసే చెప్పాడు కాబట్టి పెద్దగా నొప్పి పుట్టలేదు. ఒళ్ళు మాత్రం చాలా అలిసిపోయినట్టుంది. మంచం దిగబుద్ధి కాలేదు.

నాలుగైదు రోజులకి, మధ్యాహ్నం, ఆటో ఆగింది. సత్యనారాయణమ్మ ఒక్కతే దిగింది. వరండా దగ్గర ఆగుతుందనుకుని అబ్రహాము కుర్చీ తీసుకుని బయటికి రాబోయాడు. ఆవిడ గడప దాటి హాల్లోకి వచ్చేసింది. జుట్టు చెదిరి, మనిషి సగమైపోయింది.

"ఏ కుర్చీలో కూర్చున్నాడండీ మావోడు?"

కిటికీ పక్క కుర్చీ చూపించాడు. ఆవిడ అందులో కూర్చుని, చేతులు బల్ల మీద ఆనించింది. ఎదురుగా గోడ మీద పటాన్ని చాలాసేపు చూసింది.

"ఆఫీసరమ్మతో చెప్పేరంట కదండీ."

"ఆయ్. చెప్పేనండి." తిట్లకి సిద్ధంగా నిలబడ్డాడు. తిట్టమనే ఉంది ఆయనకి.

"మంచి పని చేసేరని అనలేనండి. కన్నదాన్ని. మా బావగారు మిమ్మల్ని నానా మాటలూ అంటన్నారు. నేను దానికి రాలేదు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేసింది. "కొత్తపేటలో మందుల షాపు దగ్గర మిమ్మల్ని అడిగేనా లేదా? నాకు తేడాగా ఉన్నాడండీ, మీ కంటికెలా ఉన్నాడని అడిగేనా? నోరు విడిచి అడిగేనే! అప్పటికే వాడు ఈ కుర్చీలో కూర్చుని ఆ మాటలన్నీ అనేసేడు. మీరు వినేసేరు. విని, నాకు బంగారమని చెప్పేరు."

అబ్రహాము గోడకి ఆనుకున్నాడు.

"ఆ రోజు నాకు చెప్పుంటే వాడి కాళ్ళ మీద పడేదాన్ని. వినకపోతే నేనే పోలీసోళ్ళకి చెప్పేదాన్ని. ఉద్యోగం పోయేది, నా కొడుకు నాకుండేవోడు. ఆ శ్రీకాకుళం అబ్బాయి వాళ్ళమ్మకుండేవోడు. ఇప్పుడు చెప్పేరు. ఇప్పుడు చెప్తే ఎవరికండీ?"

"మీ ఇంటి కుర్రాడు, మొదటిసారి మా ఇంట్లో తింటన్నాడు కదండీ అని..." అన్నాడు అబ్రహాము. చెబుతుండగానే ఆ మాట ఎంత చిన్నదో ఆయనకే వినిపించింది.

సత్యనారాయణమ్మ లేచి నిలబడింది. కోపంగా కూడా అనలేదు, నీరసంగా అంది.

"అన్నం పెట్టేరు. ఆ చేత్తోనే ఓ లెంపకాయ వేసుంటే ఏమయ్యేదండీ? మీరు మాస్టారు కదా. మీ కడుపున పుట్టినోడు ఆ మాటంటే ఊరుకునేవారా? కొట్టేవారు. మావోణ్ణి కొట్టలేదంటే, వాడు మీకు మనోడు కాదనే కదండీ."

విజయకుమారి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. సత్యనారాయణమ్మ గ్లాసు అందుకుని, ఎత్తి పోసుకోకుండా కరుచుకునే తాగింది. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళి ఆటో ఎక్కింది.

అబ్రహాము గుమ్మం దాకా వెళ్ళాడు. పెద్ద వీధి మనుషులు వెళ్ళేటప్పుడు గేటు దాకా వెళ్ళి సాగనంపడం ఆయన ఎప్పుడూ తప్పలేదు. ఈసారి గడప దగ్గరే ఆగిపోయాడు.